పిలక బ్రోకలీ: పెరటి పెంపకము, వంటకము

గత రెండు మూడు శీతకాలములుగా మన సంఘసభ్యులు పలువురు మమ్ములను ఒకే ప్రశ్న యడుగుచున్నారు. కూరగాయలు తోలుకొని పట్టణమునకు పోయినపుడు అచటి పెద్ద యంగళ్లలో ఆకుపచ్చని కాలీఫ్లవరువంటి పువ్వు నొకదానిని చూచితిమనియు, దానిని బ్రోకలీ యందురనియు, దాని ధర విని యాశ్చర్యపడితిమనియు, అది మన భూములలో పండునా యనియు వారి ప్రశ్న. ఎకరము రెండెకరములు వేయుటకు సిద్ధపడి వచ్చినవారును కలరు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె ఈ పత్రికాముఖమున నొకమారు సవిస్తరముగా వ్రాయుట మేలని తలచితిమి.

మా సమాధానము ముందుగానే చెప్పుదుము. ఎకరములకొలది వేయవలదు, ఇంటికి ఇరువది మొక్కలు వేయుడు. అమ్ముటకు గాక తినుటకు వేయుడు. మొదటి పువ్వు కోసిన పిమ్మట మొక్కను పెరికివేయక నిలుపుడు. ఎందుచేత నిట్లు చెప్పుచున్నామో యీ క్రింద వివరించెదము.

ఈ మొక్క యెక్కడిది?

బ్రోకలీ మనకు బొత్తిగా పరాయిది కాదు. క్యాబేజీ, కాలీఫ్లవరు, నూల్‌కోలు, బ్రోకలీ యివి నాలుగును ఒక్క జాతి మొక్కలే. ఆవాలు, ముల్లంగి వీనికి దగ్గర చుట్టములు. యూరపు సముద్రతీరములయందు అడవిగా పెరుగు మొక్క నొకదానిని పట్టి, ఆకు ముద్దకట్టినదానిని కొందరు రైతులు, కాండము గడ్డకట్టినదానిని కొందరు, మొగ్గ గుత్తికట్టినదానిని కొందరు ఏరి విత్తనము కట్టుచు వచ్చిరి. అట్లు వందల యేండ్లు ఏరినందున ఒకే తల్లికి ఇన్ని రూపముల బిడ్డలు కలిగిరి. మన రైతులు వంగలో గుండ్రనిది, పొడవుది, తెల్లది, నల్లది వేరుచేసి నిలిపినట్లే యిదియు.

బ్రోకలీని తీర్చిదిద్దినవారు ఇటలీదేశపు రైతులు. ఆ పేరే ఇటాలియను భాషలోనిది. దానికి చిన్న మొలక, లేక పిలక యని యర్థము. ఈ యర్థమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను, ఏలయన ఈ పంటలోని కీలకము దాని పేరులోనే యున్నది. ఇటలీనుండి అది ఇంగ్లండు చేరెను. 1724లో లండనునందు ఫిలిప్ మిల్లరు ప్రకటించిన తోటపని నిఘంటువులో దీనిని పిలకల కాలీఫ్లవరని పేర్కొనెను.

ఇంగ్లండులో నేటికిని ఇండ్ల పెరళ్లలో ఊదారంగు పిలక బ్రోకలీని పెంచుదురు. వసంతకాలమున విత్తినది వేసవి, శరత్తు గడచి, మంచు కురియు శీతకాలమంతయు నిలిచి, మరుసటి ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు పిలకలు వేయును. అప్పటికి వారి తోటలలో పాతకూరలు అయిపోయి క్రొత్తవి యింకను రాక యుండును. ఆ వెలితి నెలలలో ఇంటిని పోషించునదగుటచేతనే దాదాపు సంవత్సరము స్థలము నాక్రమించినను దాని నచటివారు వదలరు. చూడుడు, అదియు పుట్టుకచే పెరటి కూరయేగాని సంత సరకు కాదు.

1920లలో ఇటలీనుండి అమెరికాకు వలసపోయిన రైతులు కాలిఫోర్నియాలో దీనిని పొలములలో వేసి, మంచుగడ్డలలో పెట్టి రైళ్లపై దూరపట్టణములకు పంపసాగిరి. సంతకు పోవలసిన సరకునకు ఒకే పెద్ద పువ్వు, ఒకే పరిమాణము, ఒకేమారు కోతకు వచ్చుట కావలెను గదా. కావున అట్టి రకములనే నాటినుండి పెంపొందించిరి. మన దేశములో హిమాచలప్రదేశమందలి కట్రాయినులోనున్న భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారి ప్రాంతీయ కేంద్రము పూసా కే.టి.ఎస్.–1 అను రకమును తయారుచేసినది. పాలంపూరు విశ్వవిద్యాలయమువారు పాలం సమృద్ధి మొదలగు రకముల నిచ్చిరి. వీనినన్నిటిని మన వ్యవసాయ గ్రంథములలో పిలక బ్రోకలీ యనియే వ్రాయుదురు. కాని అంగడిలో కనబడునది నడుమ పువ్వు మాత్రమే. పిలకలు అచటికి చేరుట లేదు.

సంత మొక్క, ఇంటి మొక్క

నడుమ పువ్వు కోసిన పదియవ పండ్రెండవ దినమునుండి మొక్క యొక్క ప్రతి యాకు చంకలోను చిన్నచిన్న పిలకలు బయలుదేరును. ఒక్కొక్కదాని కొనను బొటనవ్రేలంతటినుండి కోడిగ్రుడ్డంతటివరకు మొగ్గలగుత్తి యుండును. వీనిని తుంచినకొలది మరల వేయును. సంతకొరకు పండించువానికి ఇవి దండుగ. కోతకూలి యెక్కువ, తూకము తక్కువ, ఎండలో నిలువవు. కనుక అతడు పువ్వు కోసిన మరునాడే మొక్కలను దున్నివేయును. ఇంటికి మాత్రము ఇదియే యసలు పంట. ఒక్క పువ్వు ఒక్క పూట కూర. పిలకలు ఆరేడు వారముల కూర.

ఈ సంగతి మన యాడువారికి క్రొత్తగా నేర్పనక్కరలేదు. బచ్చలి తీగ కొనలు గిల్లినకొలది కొమ్మలు వేయునని, గోంగూర తుంచినకొలది చిగుర్చునని వారికి తెలియును. బ్రోకలీని బచ్చలివలె చూడవలెను, క్యాబేజీవలె చూడరాదు.

ఇంకొక కారణమును కలదు. బ్రోకలీ గుత్తిలో నున్నవి విప్పారని మొగ్గలు. కోసిన తరువాతగూడ అవి ప్రాణముతో శ్వాసించుచు వేడి పుట్టించుకొనును. మన వాతావరణములో నొకటి రెండు దినములలో పచ్చబారిపోవును. మంచుగడ్డ గాని శీతలగిడ్డంగి గాని లేని గ్రామమునుండి దూరపు సంతకు దానిని పంపుట నష్టమునకు దారి. అందుచేతనే ఎకరములకొలది వేయవలదంటిమి. పెరటిలో కోసి గడియలోపల పొయ్యిమీద పెట్టువారికి ఈ చిక్కు లేదు.

ఏ కాలములో వేయవలెను?

ఈ మొక్కకు చలి ప్రాణము. పగటి రాత్రి వేడిమి కలిపి సగటున 15 మొదలు 20 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నపుడు గుత్తి బిగువుగా కట్టును. వేడి ముదిరినచో గుత్తి వదులై, నడుమ ఆకులు పొడచూపి, మొగ్గలు పసుపుపచ్చగా విచ్చును.

ఇది మేము పుస్తకములో చదివి వ్రాయుచున్నది మాత్రమే కాదు. మొదటి సంవత్సరము నారు ఆలస్యముగా దొరకుటచే మేము సంక్రాంతి పోయినపిదప నాటితిమి. మొక్కలు చక్కగా నెదిగినవి. చూచినవారందరు మెచ్చుకొనిరి. మార్చినెలలో గుత్తులు గుప్పెడంత యగునప్పటికి నాలుగు దినములు వడగాలి తగిలి, తెల్లవారి చూచునప్పటికి పెరడంతయు ఆవచేనివలె పసుపు పూసినది. ఆ యేడు కూర ఒక్క పూటయు సరిగా తినలేదు. పువ్వులు తేనెటీగల పాలాయెను. తప్పు మొక్కది కాదు, మాది.

కావున పండుగల లెక్క నొకదానిని గుర్తుంచుకొనుడు. శరన్నవరాత్రులు ప్రారంభమైన దినములలో విత్తవలెను. దీపావళి గడచిన వారములో నాటవలెను. సంక్రాంతికి నడుమ పువ్వు కోతకు వచ్చును. అచటినుండి శివరాత్రి వరకు పిలకలు తినవచ్చును. శివరాత్రికి చలి శివశివా యని పోవునని మనవారందురు గదా; దానితో బ్రోకలీయు పోవును.

తెలంగాణములో, ముఖ్యముగా ఉత్తరపు జిల్లాలలోను హైదరాబాదు చుట్టుపట్లను, శీతకాలపు రాత్రులు తగినంత చల్లగా నుండును. మదనపల్లె వైపు మెట్టనేలలును అనుకూలములే. లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతముల కొండలపై చలి ముందుగా వచ్చి ఆలస్యముగా పోవును గనుక అచటివారికి మరి నెలదినములు పిలకలు దొరకును. నెల్లూరు మొదలగు దక్షిణ కోస్తా సీమలలో అక్టోబరు, నవంబరు వానలకు నారు కుళ్లును. అచటివారు ఎత్తైన మడిపై, వాన సూటిగా పడకుండ కప్పువేసి నారు పెంచవలెను. కోస్తా తీరమున సముద్రపుగాలికి రాత్రులంతగా చల్లబడవు కనుక గుత్తి చిన్నదిగా నుండును. దానికి నిరాశ పడనక్కరలేదు, పిలకలు వచ్చును.

విత్తనము: సంఘము చేయదగిన పని

విత్తనము విషయములోనే ఒంటరి గృహస్థు నష్టపోవుచున్నాడు. సంకరరకముల విత్తనము చిన్నపొట్లము గూడ ప్రియముగానే యుండును. బ్రోకలీ గింజ ఆవగింజవంటిది. గ్రాముకు సుమారు 300 తూగును. 10 గ్రాముల పొట్లములో సుమారు 3,000 గింజలుండును. ఇంటికి కావలసినవి ఇరువది మొక్కలు. మిగిలిన విత్తనము డబ్బాలో పడియుండి, మన వేసవి వేడికిని తేమకును చెడిపోయి, మరుసటి యేటికి సగము మొలవదు.

అదే పొట్లమును సంఘము కొని, ఒకచోట నారు పోసి, మొలవనివి, చచ్చినవి మూడవ వంతు తీసివేసినను 2,000 మొక్కలు మిగులును. ఇంటికి ఇరువది చొప్పున నూరు ఇండ్లకు అవి చాలును. ఒక్కరికి భారమైనది నూరుగురికి తేలిక యగుటయే సహకారము. అప్పులకును ఎరువులకును మాత్రమే సంఘము గుర్తునకు రారాదు. ఇట్టి చిన్నపనులలోనే దాని మేలు ఇంటింటికి తెలియును.

కొనునపుడు ఒక జాగ్రత్త. ఇంగ్లండునందలి ఊదారంగు పిలక బ్రోకలీకి పలు వారములపాటు గట్టి చలి తగిలినగాని మొగ్గ పుట్టదు. క్రొత్తగా వచ్చిన కొన్ని రకములకు అంత చలి యక్కరలేదుగాని, పాతరకములను మన మైదానములలో వేసినచో ఆకులు తప్ప మరేమియు రావు. పొట్లముపై బొమ్మ చూచి మోసపోక, ఆకుపచ్చని రకము, త్వరగా కోతకు వచ్చునది, ప్రక్క పిలకలు బాగుగా వేయునది యని యడిగి కొనవలెను. పొట్లముపై పరీక్షించిన తేదీయు, మొలకశాతమును చూడవలెను.

నారు పెంచుట

కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేలలో గుంటకొక గింజ చొప్పున విత్తినచో విత్తనము వృథా కాదు, నాటునపుడు వేరు తెగదు. ప్రోట్రేలు లేనిచో మీటరు వెడల్పు, జానెడు ఎత్తుగల మడి కట్టి, మాగిన పశువుల యెరువు కలిపి, నాలుగు వ్రేళ్ల యెడమున సన్నని గీతలు గీసి, సెంటీమీటరు లోతున గింజలు వేసి, పైన పలుచగా మట్టి చల్లి వరిగడ్డి కప్పవలెను. నాలుగైదు దినములలో మొలక కనబడును. కనబడిన నాడే గడ్డి తీసివేయవలెను. ఒక దినము ఆలసించినను మొలకలు సాగి పాలిపోవును. నీరు ఉదయముననే చల్లుడు. సాయంకాలము చల్లిన నీరు రాత్రియంతయు నిలిచి నారుకుళ్లు తెగులునకు దారితీయును. నాలుగు వారములకు నాలుగైదు ఆకులతో నారు సిద్ధమగును.

నాటుట, ఎరువు, నీరు

పెరటిలో దినమునకు ఆరుగంటలకు తక్కువ కాకుండ ఎండపడు స్థలము కావలెను. గత సంవత్సరము క్యాబేజీ, ముల్లంగి, ఆవ పెరిగినచోట వేయరాదు. మొక్కకు మొక్కకు మూరెడు, అనగా 45 సెంటీమీటర్ల యెడముంచి నాటవలెను. ఈ లెక్కన ఇరువది మొక్కలకు మంచము రెండింటి స్థలము చాలును. గుంటకు రెండు దోసిళ్లు మాగిన యెరువు, గుప్పెడు వేపపిండి వేసి మట్టితో కలిపి, సాయంకాలము చల్లబడిన తరువాత నాటుడు. ఇరువదింటిని ఒకేమారు నాటక పదింటిని ముందుగాను, పదింటిని రెండువారముల తరువాతను నాటినచో పువ్వులన్నియు ఒక్కసారి మీద పడకుండును.

పశువుల యెరువు తగినంత వేసిన పెరటిలో సామాన్యముగా సూక్ష్మధాతువుల కొరత యుండదు. కాండము బోలుగా నుండి గుత్తి గోధుమవర్ణమునకు తిరిగిన యనుభవమున్నచోట బోరాను కొరతయని గ్రహించి, మరుసటి యేడు నాటుటకు ముందు చదరపు మీటరునకు ఒక గ్రాము బోరాక్సును మట్టిలో కలుపవలెను. ఒక గ్రామనగా ఒక గ్రామే. హెచ్చినచో మొక్క మాడును.

నీరు మూడు నాలుగు దినములకొకమారు, నేల తేమ ఆరకుండ పెట్టవలెను. మొదట ఎండనిచ్చి తరువాత ముంచెత్తరాదు. మొదళ్లచుట్టు చెరకుపిప్పి గాని ఎండుటాకు గాని పరచినచో తేమ నిలుచును. మూడవ వారమున నొకమారు మొదళ్లకు మట్టి యెగదోసినచో బరువైన పువ్వునకు మొక్క వాలదు. కోళ్లకు మేకలకు దీని యాకు మహాప్రీతి. కంప వేయుట మరువకుడు.

పురుగులు

దీనికి ముఖ్యశత్రువు డైమండు రెక్కల పురుగు. చిన్న యాకుపచ్చ పురుగు ఆకు అడుగున చేరి గీకితినును. ముట్టినచో దారమునకు వ్రేలాడి జారును. పొగాకు లద్దెపురుగు, పేనుబంక తరువాతివి. పొలములో క్యాబేజీకి చేయునట్లే చుట్టును ఆవాలు చల్లినచో పురుగు ముందుగా ఆవకు పోవును. ఆవ ముదిరి పురుగు నిండగానే పెరికి దూరముగా వేయవలెను. ఆకు అడుగున గ్రుడ్లుగల ముద్దలను ప్రతి ఉదయము చేతితో నలిపివేయుట ఇరువది మొక్కలవానికి పదినిమిషముల పని.

అంతకును లొంగనిచో, 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని లీటరు నీటిలో రాత్రి నానవేసి, వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లుడు. పత్తికిని మిరపకును తెచ్చిన మందు మిగిలినది గదా యని దీనిమీద చల్లవలదు. పిలకలను మూడు నాలుగు దినములకొకమారు కోసి బిడ్డలకు పెట్టుచున్నాము. మొగ్గల సందులలో చేరిన విషము కడిగినంతమాత్రమున పోదు. అమ్ముకొను పంటలో ఏమి చేసినను ఇంటి పంటలో ఈ తప్పు చేయకుడని చేతులు మోడ్చి వేడుచున్నాము.

కోత

గుత్తి బిగువుగా, మొగ్గ ఆవగింజకంటె పెద్దదికాకుండ నున్నపుడే కోయవలెను. పెద్దది కానిమ్మని వేచియున్న దినముననే అది విచ్చును. ఉదయముననే జానెడు కాడతో, ఏటవాలుగా కోయుడు. చదరముగా కోసినచో నీరు నిలిచి కాండము కుళ్లును. అడుగు ఆకులు తీసివేయక నిలుపుడు. పిలకలను పెంచునవి ఆ యాకులే.

నడుమ పువ్వు కోసిన నాడు మొక్క మొదట రెండు దోసిళ్ల యెరువు గాని చెంచాడు యూరియా గాని వేసి నీరు పెట్టుడు. ఈ యొక్క పని చేసినవానికి పిలకలు బలముగా వచ్చును. చేయనివానికి సన్నగిల్లి త్వరలో పూయును. పిలకలు బెత్తెడు పొడవైన వెంటనే తుంచుచుండుడు. ఒక్కటి పూయనిచ్చినను మొక్క తన పని ముగిసినదని తలచి విత్తనమునకు దిగును. తిననక్కర లేకపోయినను తుంచి ప్రక్కయింటివారికిండు.

వంటకము

తినదగినది గుత్తి మాత్రమే కాదు. కాడపై తోలు చెక్కి లోపలి లేతభాగమును ములక్కాడవలె సాంబారులోను, ముక్కలుగా పప్పులోను వేయవచ్చును. లేతయాకులను తోటకూరవలె వేపుడు చేయవచ్చును. ముందుగా అన్నిటిని ఉప్పునీటిలో పావుగంట ఉంచినచో దాగిన పురుగులు తేలును.

పలువురు దీనిని మొదటిసారి వండి, వాసన యని పారవేసిరి. వారు చేసిన తప్పు ఎక్కువసేపు ఉడికించుటయే. అతిగా నుడికిన క్యాబేజీవలెనే దీనిలోని గంధకపు పదార్థములు విడివడి వాసన గొట్టును. పచ్చదనము పోయి మురికిరంగగును. సి విటమిను వార్చిన నీటితో పోవును. ఇడ్లీపాత్రలో మూడు నాలుగు నిమిషములు ఆవిరిపై నుంచిన చాలును.

ఆవపెట్టిన కూర మన యింటిపద్ధతులలో దీనికి మిక్కిలి తగినది. పావుకిలో పిలకలను చిన్నవిగా తరిగి అరగంటకు పైగా అట్లే యుంచుడు. ఒక చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కొంచెము ఉప్పు చేర్చి, నీటిచుక్కలతో మెత్తగా నూరుకొనుడు. ముక్కలను ఆవిరిపై నుడికించుడు. బాణలిలో నూనెవేసి మినపపప్పు, సెనగపప్పు, ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపుపెట్టి, పసుపును చిక్కని చింతపండు గుజ్జును వేసి ఉడుకనిచ్చి, ముక్కలు కలిపి దించుడు. కొంత చల్లారిన తరువాతనే ఆవముద్ద కలుపుడు. పొయ్యిమీద నుండగా కలిపినచో చేదెక్కునని మన పెద్దవారు చెప్పుదురు.

ఈ యాచారమునకు ఇటీవల శాస్త్రాధారమును దొరకినది. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున పాల్ టలాలే మొదలగువారు బ్రోకలీలో సల్ఫోరఫేను అను పదార్థమును కనుగొనిరి. శరీరము తనలో చేరిన విషపదార్థములను విడగొట్టి పంపుకొను శక్తిని అది ప్రేరేపించును. అయితే అది మొక్కలో సిద్ధముగా నుండదు. దాని ముడిపదార్థమొక అరలోను, దానిని మార్చు కిణ్వమొక అరలోను ఉండి, కోసినపుడు గాని నమలినపుడు గాని కలియును. కోసి కొంతసేపు ఉంచుమనుట అందుకే. వండినచో కిణ్వము చచ్చును. ఆవగింజలో ఆ కిణ్వమే కలదు. ఉడికిన బ్రోకలీపై ఆవపొడి చల్లినచో సల్ఫోరఫేను హెచ్చుగా నేర్పడుచున్నదని ఇంగ్లండునందలి రీడింగు విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిరి. దించినపిదపనే ఆవ కలుపు మన గృహిణులు శాస్త్రము చదువకయే సరియైన పని చేయుచు వచ్చిరి.

నానిన పెసరపప్పు చేర్చి పొడికూరగా గాని, కొబ్బరికోరు చల్లి వేపుడుగా గాని చేయవచ్చును. పిల్లలు మొదట ముట్టనిచో సెనగపిండిలో ముంచి పకోడీలు వేసి పెట్టుడు. రుచి మరిగిన పిమ్మట కూరగా తిందురు.

ఎంత మేలు? ఎంత కాదు?

అతిశయోక్తులు చెప్పుట మా యుద్దేశము కాదు. బ్రోకలీ తిన్నందున ఏ రోగమైనను కుదురునని యెవరైన చెప్పినచో నమ్మవలదు. పచ్చి బ్రోకలీ 100 గ్రాములలో సి విటమిను సుమారు 90 మిల్లీగ్రాములు, మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు కలవు. కాల్షియములో తోటకూర దీనికి నాలుగు రెట్లకు మించియున్నది. ఇనుములోను తోటకూరయే మేలు. కనుక బ్రోకలీ వచ్చినదని తోటకూర మడిని, మునగచెట్టును తీసివేసినవాడు నష్టపోవును.

వీనికి దానిని జత చేయుటయే తెలివి. ఆకుకూరలలోను పప్పులలోను ఉన్న యినుమును శరీరము సులభముగా గ్రహింపదు. ఆ భోజనములోనే సి విటమిను చేరినచో హెచ్చుగా గ్రహించును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో మన రెండు రాష్ట్రములయందును 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు మించినవారు రక్తహీనులని తేలినది. వారిలో కూరగాయలు పండించు నిండ్లవారు ఎందరుందురో యోచింపుడు. తోటకూర పప్పు ప్రక్కను గుప్పెడు పిలకల కూర వడ్డించుట మందు కాదు. కాని మందునకు తోడగు ఆహారము.

రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిను మాత్రలు వాడువారు ఇట్టి యాకుపచ్చని కూరలను ఒక్కసారిగా హెచ్చించుటకు ముందు వైద్యుని అడుగవలెను. కంఠగ్రంథి వ్యాధి యున్నవారు పచ్చిగా విస్తారముగా తినరాదు. ఉడికించి మితముగా తినవచ్చును.

ముగింపు

మన యిండ్లలో జరుగుచున్నదేమి? తెల్లవారకమునుపే వంగ, బెండ, టమాటా గంపలకెత్తి సంతకు పంపుదుము. నవనవలాడునవి పట్టణమునకు పోవును. ఏరివేసిన పుచ్చులును గిడసలును పొయ్యిమీది కెక్కును. పంట లేని దినములలో అదే సంతలో, వాడిన కూరను డబ్బిచ్చి కొందుము. పండించువాడు తన బిడ్డలకు మేలైనది పెట్టలేకపోవుటకు పేదరికము కొంత కారణము, అలవాటు కొంత కారణము. పేదరికమును ఒక్క దినములో పోగొట్టలేము. అలవాటును రెండు మంచముల స్థలముతో మార్చవచ్చును. పిలక బ్రోకలీని సంతవాడు కోరడు, కోరినను చెడకుండ కొనిపోలేడు. అందుచేతనే అది ఇంటివారికి మిగులును. పెరటిలో నొక్క పంటయైనను మేలిభాగము మన కంచములో పడునట్లు ఉండవలెనని మా కోరిక.

నారు కావలసిన సభ్యులు వినాయకచవితి లోపల తమ పేరును, కావలసిన మొక్కల సంఖ్యను సంఘ కార్యాలయమున వ్రాయింపవలెను. పేర్లు చేరినదానినిబట్టి విత్తనము తెప్పింపవచ్చును. పేరు వ్రాయించుటకు ముందు ఇంటిలో ఆడువారితో నాలోచింపుడు. పెరడు వారిది, పొయ్యి వారిది. ఇరువది మొక్కలు నిలుచుటయు చచ్చుటయు వారి చేతిలో నున్నది. సంక్రాంతికి మొదటి పువ్వు కోసినవారు మొక్కను పెరికివేయక మా మాట నొక్కమారు తలచుకొందురుగాక.